పాతబడిన విన్నపము

దసరా పండుగకు నెల దినముల ముందునుండి మా కార్యాలయమునకు వచ్చు ఉత్తరములలో సేవాసంఘముల విన్నపములు విశేషముగా ఉండును. అనాథ బాలల వసతిగృహము, వృద్ధాశ్రమము, నేత్రదాన సంఘము, ఉచిత వైద్యశిబిరము, పఠనమందిరము, ఇట్లు పేర్లు వేరు. విన్నపము మాత్రము ఒక్కటే. సమాజసేవయే ధ్యేయముగా వెలసిన సంస్థ. అది ఎన్నియో సంవత్సరములుగా అవిరళ కృషి సలుపుచున్నది. వదాన్యులు ముందునకు వచ్చి యథాశక్తి విరాళములొసగి ప్రోత్సహింపవలెను. ఒక సంఘము పేరు కొట్టివేసి వేరొక సంఘము పేరు వ్రాసినను ఆ వాక్యములకు ఎట్టి లోటును రాదు. అట్టివానిని మేమును గంభీరమైన కంఠముతో చదివి, తరువాతి పాటకు పోవుచుంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ అలవాటు మాకు తలవంపులు తెచ్చెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పిల్లలను చేర్చుకొని నడచు ఒక వసతిగృహమువారి విన్నపమును మూడు వారములు చదివితిమి. దాని పేరు చెప్పుట భావ్యము కాదు. నాలుగవ వారము ఒక కార్డు వచ్చెను. "విరాళములు ఎవరి పేర పంపవలెనని మీరు చెప్పుచున్నారో ఆ అధ్యక్షులు కాలధర్మము చెంది రెండేండ్లు దాటినది. వారు మా పొరుగింటివారు" అని అందు వ్రాసియుండెను. విచారింపగా తేలినదేమనగా, సంఘమువారు పాత కాగితము మీదనే తేదీ మార్చి మాకు పంపుచుండిరి. మేము దానినే చదువుచుంటిమి. తప్పు ఇరువురిది. క్షమాపణ చెప్పుకొంటిమి. కాని మమ్ములను కలచివేసినది ఆ తప్పు కాదు. రెండేండ్లలో ఆ గతించిన వ్యక్తి పేర ఒక్క చెక్కుగాని, ఒక్క మనియార్డరుగాని వచ్చియుండలేదు. వచ్చియుండినచో తీసికొనువారు లేక తిరిగి పోయెడిది. తప్పు అప్పుడే బయటపడెడిది. వినువారు విన్నారు, ఎవరును కదలలేదు.

ఆ సంఘపు కార్యదర్శి ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు. కార్డు సంగతి తెలిసిన తరువాత వారే స్వయముగా మా కార్యాలయమునకు వచ్చిరి. "ప్రచారము చాలుట లేదు. దినమునకు రెండు మారులు చదివింపుడు" అని కోరిరి. వసతిగృహమున నలువదిమంది పిల్లలు. కూలికై బెంగుళూరునకో కువైటునకో పోయినవారి బిడ్డలు కొందరు. తల్లిదండ్రులే లేనివారు కొందరు. పగటి భోజనము బడిలో దొరకును. రాత్రి భోజనమునకు దాతలే దిక్కు. బియ్యపు అంగడిలో మూడు నెలల బాకీ పేరుకొనియుండెను. అంగడివాడు మంచివాడు గనుక అడుగలేదు. కాని ఎంతకాలము అడుగకుండును? ఆ సంవత్సరము పదిమంది చిన్నపిల్లలను చేర్చుకొనజాలమని తిప్పి పంపినట్లు చెప్పునప్పుడు వారి కంఠము మారెను.

రెండు మారులు చదివినను ఫలము లేదని మేము చెప్పితిమి. గోడ గడియారపు చప్పుడు ఆ ఇంటిలోనివారికి వినబడునా? అది ఆగిపోయిననాడే తెలియును. ఈ విన్నపమును అంతే. అది ఆగిపోవునప్పటికి వసతిగృహము మూతబడియుండును.

ఆయన చేతిసంచిలో దాతల జాబితా ఉండెను. దానిని తెరచి చూచితిమి. మొదటి పుటలలోనివారు కొందరు గతించిరి. కొందరు హైదరాబాదునకు తరలిపోయిరి. తండ్రి ఏటేట ఇచ్చుచుండెనని కుమారునకు తెలియదు. తెలుపుటకు ఎవరును పోలేదు. జాబితాతోపాటు ఒక కరపత్రమును చూపిరి. అందు ఎనిమిది ఛాయాచిత్రములు. అన్నిటను వేదిక, పూలమాల, శాలువ, ముఖ్య అతిథి. పిల్లలు ఒకే ఒక చిత్రమున ఉన్నారు. అదియును వెనుక వరుసలో, ప్రార్థనాగీతము పాడుచు. ఈ కరపత్రము ఎవరిని ఉద్దేశించినదని అడిగితిమి. "అందరిని" అని వారు బదులు చెప్పిరి. అందరిని ఉద్దేశించిన ఉత్తరమును ఎవరు తమదిగా తీసికొందురు?

తరువాత మూడు దినములు సెలవు పెట్టి, వారితో కూడ ఈ మూడు ఊళ్లు తిరిగితిమి. ప్రచారమున ఆరితేరినవారము మేమేయన్న అహంకారము మాకు కొంత ఉండెడిది. అది ఆ మూడు దినములలో తరిగినది.

మొదట ప్రొద్దుటూరు. బంగారు వ్యాపారమునకు పేరుపడిన ఊరు. దసరా దినములలో అమ్మవారిశాల ఉత్సవములను చూడవచ్చు జనమునకు మేర లేదు. దాతలకు కొదువ లేని ఊరని అందరును అనుకొందురు. అందుచేతనే అడుగువారికిని కొదువ లేదు. మేము కూర్చున్న అంగడికి అరగంటలో మూడు రసీదు పుస్తకములు వచ్చినవి. యజమాని మూటికిని ఇచ్చెను, ఒక్కదానిని చదువలేదు. మా కార్యదర్శిగారిని చూచి నవ్వి ఇట్లనెను:

"అయివారూ, పదేండ్ల నుంచి ఇస్తానే ఉండా. ఆ పిల్లోళ్లలో ఒకడన్నా పది పాసయినాడా లేదా, అది మాత్రం నాకు తెల్దు. మీరు చెప్పరు, నేను అడగను."

బయటికి వచ్చిన తరువాత మేము ఆ ప్రశ్ననే అడిగితిమి. గడచిన పరీక్షలకు కూర్చున్న పదునొకండుగురిలో పదిమంది ఉత్తీర్ణులైరని, ఒక బాలిక నర్సు శిక్షణకు పోయినదని ఆయన చెప్పిరి. మరి ఈ సంగతి ఎవరికిని ఎందుకు చెప్పలేదంటిమి. "చెప్పుకొనుట ఆత్మస్తుతి కాదా?" అనిరి. వారి వినయమునకు నమస్కారమే. కాని కరపత్రమునిండ "అవిరళ", "నిస్వార్థ", "మహోన్నత" అను విశేషణములు ఉన్నవి. అవి స్తుతి కాదా? ఇచ్చినవానికి లెక్క చెప్పుట స్తుతి కాదు. అది బాకీ. ఆ అంగడి ఎదుట ఒక టీ దుకాణము కలదు. ఫోనుతో పది రూపాయలు చెల్లించినచో గల్లాపెట్టె ప్రక్కనున్న చిన్న డబ్బా ఒకటి "పది రూపాయలు అందినవి" అని వీథికంతయు వినబడునట్లు చెప్పును. వసతిగృహమునుండి రసీదు సైతము మూడు నెలలకు గాని రాదు. ఆ డబ్బుతో ఏమి జరిగినదను కబురు ఎన్నటికిని రాదు.

అడుగుటయందు గాంధీజీని మించినవారు మనదేశమున లేరు. హరిజన నిధికై 1933 నవంబరులో వార్ధానుండి బయలుదేరి, తొమ్మిది నెలలలో సుమారు 12,500 మైళ్లు తిరిగి, 8 లక్షల రూపాయలవరకు ప్రోవు చేసిరి. ఆ యాత్ర ఆంధ్రదేశమునను సాగెను. ఊరూర సన్మానపత్రములు సమర్పించిరి. ఆయన వానిని మోసికొనిపోలేదు; ఆ సభలోనే వేలము వేసిరి. పత్రములుంచిన వెండి పేటికలకును అదే గతి. తమ సంతకమునకు 5 రూపాయలు వెల కట్టిరి. తనకు జరిగిన గౌరవము అందరి కన్నులయెదుట నిధిగా మారిపోవుట జనము చూచిరి. మన సంఘముల కరపత్రములలోని శాలువలను చూచినప్పుడెల్ల మాకు ఆ వేలము జ్ఞాపకము వచ్చును.

ప్రొద్దుటూరును విడుచునప్పుడు మరియొక సంగతి కన్నులకు కట్టినది. ఆ ఊరిలో ఉర్దూ మాటలాడు కుటుంబములు వీథులకు వీథులే కలవు. వసతిగృహమున ఆ కుటుంబముల పిల్లలును ఉన్నారు. ఇన్నేండ్లలో ఉర్దూలో ఒక్క కాగితము అచ్చుకాలేదు. ఎందుకనగా ఎవరికిని తోచలేదు, అంతే.

మరునాడు జమ్మలమడుగు. ఊరిని ఆనుకొనియున్న మోరగుడిలో మగ్గములాడు ఇండ్లు పెక్కు. తెల్లవారుజామున పోరాదని కార్యదర్శిగారే చెప్పిరి; వీథిలో పడుగు పరచి సరిచేసికొను వేళ నేతవానిని నిలిపి పలుకరించుట మర్యాద కాదు. మధ్యాహ్నము పోతిమి. ఒకాయన గుంతలో కాళ్లు పెట్టి కూర్చుండి నేయుచుండెను. చేతులు, కాళ్లు, కన్నులు పనిలో ఉన్నవి. చెవులు మాత్రము ఖాళీ. గూటిలో రేడియో మ్రోగుచుండెను. మాకు సంతోషమైనదని వేరుగ చెప్పనేల? వసతిగృహపు విన్నపమును ఎన్నడైనను వింటిరా అని అడిగితిమి. ఆయన మా వంక గాక, ఒకప్పుడు తనకు చదువు చెప్పిన మా కార్యదర్శిగారి వంక తిరిగెను.

"వింటి అయివారూ. అది ఉండేటోళ్లకు చెప్పే మాట గదా అనుకుంటి. మేము బీదోళ్లమని మమ్మల్ని ఎవరూ అడగల్యా. నెలకు ఒక పూట కూలి నేనూ తీసిపెట్టగలను."

కార్యదర్శిగారు చాలసేపు మాటలాడలేదు. బీదవారిని అడుగకుండుట దయయని మనము తలంతుము. ఒక్కొక్కప్పుడు అది చిన్నచూపే యగును. ఈశాన్యమున మిజోరం రాష్ట్రపు ప్రెస్బిటీరియన్ సంఘమువారు 1910 నుండి ఒక పద్ధతి నడుపుచున్నారు. వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఇల్లాలు ఒక పిడికెడు వేరుగ తీసి పెట్టును. ఆ బియ్యమును ఇంటింట సేకరించి అమ్మి, ఆ ధనముతో సంఘకార్యములు నడుపుకొందురు. బుహ్‌ఫాయ్ థామ్ అని దాని పేరు. పిడికెడు బియ్యము అనియే అర్థము. ధనవంతుడు లేని కొండపల్లెకూడ ఆ లెక్కలో దాతయే. మన ప్రక్కనున్న అనంతపురమున విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆరంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ చిరకాలము స్పెయిన్ దేశపు దాతల ఆదరమున పెరిగినది. ఆ సంస్థయే తరువాత, తాను పనిచేయు పల్లెల కుటుంబములకు హుండీలు పంచి, చిల్లర వేయుడని కోరినది. ఒకనాడు సాయము పొందిన ఇల్లు మరియొక ఇంటికి సాయపడునట్లు చేసినది.

విదేశధనము ఎన్నటికిని ఉండునని నమ్ముకొనరాదని చిన్న సంఘములకు 2020లో తెలిసివచ్చినది. విదేశీ విరాళముల చట్టమును ఆ సంవత్సరము సవరించి, ఒక సంస్థ అట్లు పొందిన ధనమును వేరొక సంస్థకు ఇయ్యరాదనిరి. అందుండి కార్యాలయపు వ్యయమునకు వాడదగిన భాగమును 50 శాతమునుండి 20 శాతమునకు తగ్గించిరి. పెద్ద సంస్థల చేతిమీదుగా కొంత పొందుచుండిన చిన్నవారికి ఆ దారి మూసికొనిపోయినది. మా వసతిగృహమువారికిని అట్లే ఒక మొత్తము ఆగినదట. పెద్ద కంపెనీలు తమ లాభములలో 2 శాతము సేవాకార్యములకు వ్యయపరుపవలెనన్న నిబంధన 2014 నుండి కలదు గాని, వారి గడప తొక్కుటకు నమోదులు, నివేదికలు, పట్టికలు కావలెను. ఇరువురు ఉద్యోగులతో నడచు ఇంటికి మోరగుడి దగ్గర, ముంబాయి దూరము.

ఆ నేతగాని ఖాళీ చెవులు మాకు మరియొక పాత సంగతిని జ్ఞప్తికి తెచ్చినవి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన తొలి మహాసభతో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము ఒక రూపు దాల్చెను. ఊరూర గ్రంథాలయములు వెలసినవి. ఐనను పొలము పనిలోనివాడు, ప్రయాణములోనివాడు గ్రంథాలయమునకు రాడు. రమ్మని సభలు చేసిన కొలది సభలే పాతబడును. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువలో పోవు పడవపై గ్రంథాలయము పెట్టిరి. పడవలో కూర్చున్నవానికి వేరు పని లేదు. రేవు వచ్చువరకు దిగిపోలేడు. ఎదుట పుస్తకమున్నది. ఇంకేమి కావలెను? నాగభూషణముగారు పుస్తకములను మార్చలేదు, వానిని పొగడుచు కరపత్రములు వేయలేదు. ఖాళీగా ఉన్న కన్నులు ఎక్కడనున్నవో వెదకి, పుస్తకములను అచటికి చేర్చిరి. నేడు మన కాలువలలో ప్రయాణికుల పడవలు లేవు. బస్సు నిలయపు బల్లలున్నవి, ఆసుపత్రి వరండాలున్నవి, మగ్గపు గుంతలున్నవి. దసరానాటి కిటకిటలో చేతికిచ్చిన కరపత్రమును చూచుటకు మాత్రము ఎవరికిని తీరిక లేదు. మనము అచటనే పంచుచున్నాము.

మూడవ దినము పులివెందుల. చీనీ తోటలు, అరటి తోటలు, వేరుశనగ చేలు. ఒక రైతు మమ్ములను నీడన కూర్చుండబెట్టి, మజ్జిగ ఇప్పించి, కరపత్రమును రెండు ప్రక్కల త్రిప్పి చూచెను.

"మీరొచ్చేది దసరాకు. అప్పటికి శెనక్కాయ భూమిలోనే ఉంటాది సామీ, దుడ్డు యాడిది? దుడ్డుండేటప్పుడు మీరు రారు. అరటి గెలలు అడగండి, ఎప్పుడొచ్చినా రెండు కొట్టిస్తా. మీరు అవి అడగరు."

ఇంత చిన్న మాట ఇన్నేండ్లు ఎవరికిని తట్టలేదు. ప్రొద్దుటూరి వ్యాపారికి దసరా అనువైన కాలము. పంట ఇంటికి రాని రైతుకు అది అప్పుల కాలము. ఒకే కాగితమును, ఒకే నాడు, ఒకే మాటతో మూడు ఊళ్లకు పంపి, పులివెందులవారికి దానగుణము తక్కువయని సంఘమువారు తమలో తాము అనుకొనుచుండిరి!

తిరుగు ప్రయాణమున మాతో వచ్చిన యువకుడొకడు, సంఘమున క్రొత్తగా చేరినవాడు, వేరొక ఉపాయము చెప్పెను: "ఏదన్నా వీడియో ఒకటి చేసి వదులుదాం సార్, అదే పాకిపోతాది." పెద్దలు పెదవి విరిచిరి. మేము విరువలేదు. 2014లో అమెరికాలో ఒక నరముల వ్యాధి చికిత్సకు నిధి కూర్చుటకై, మంచునీళ్ల బకెట్టును నెత్తిన కుమ్మరించుకొను సవాలు ప్రబలెను. ఏ.ఎల్.ఎస్. సంఘమునకు కొలది వారములలోనే 11 కోట్ల 50 లక్షల డాలర్లు చేరినవి. ఆ వినోదము మనదేశమునకును వచ్చెను. నీళ్లు పోసికొని వీడియో తీసికొన్నవారిలో ఎందరికి ఆ వ్యాధి పేరు తెలియునో చెప్పజాలము. వేసవిలో బిందెల వరుసలో నిలుచు కడప జిల్లావానికి మంచునీళ్లు నేలపాలు చేయుట ఏమి సేవయో బోధపడదు. హైదరాబాదునందలి పత్రికా రచయిత్రి మంజులత కళానిధిగారికిని అట్లే తోచియుండును. ఆ ఆగస్టులోనే ఆమె మంచునీళ్లకు మారుగా బియ్యము అనిరి. ఒక బకెట్టు బియ్యము ఆకలిగొన్నవారికిమ్ము. ఆ చిత్రమును నీవారికి చూపుము. వారినికూడ ఇయ్యుమని పిలువుము. ఆ పిలుపు దేశము నాలుగు మూలలకు పోయినది. అందు వేదిక లేదు, శాలువ లేదు. ఎవడైనను తన వీథిలోనే అరగంటలో చేయదగిన పని. ఫలము కన్నులయెదుట కనబడును.

ఐనను ఇట్టి సవాలు ఏటేట రాదు. మరుసటి సంవత్సరము అమెరికాలో మంచునీళ్ల సవాలును మరల తెచ్చినప్పుడు మొదటి రాబడిలో స్వల్పభాగమే వచ్చినది. పిల్లల ఆకలి మాత్రము ఏటేట కాదు, పూటపూట వచ్చును. కాబట్టి ఆ యువకునితో, వీడియో తీయుమని, కాని అందు పిల్లల ముఖములు చూపి జాలి పుట్టింపవలదని చెప్పితిమి. బియ్యపు మూట దిగుట, పొయ్యి వెలుగుట, కంచములు కడిగి బోర్లించుట చాలును. ఇచ్చినవారికే ముందుగ పంపుమంటిమి.

తరువాత మేమును కార్యదర్శిగారును కూర్చుండి విన్నపమును తిరుగ వ్రాసితిమి. ఈ ప్రసంగపు భాషలో కాదు. ఇరుగుపొరుగుతో మాటలాడు భాషలో. పాత అలవాటు చొప్పున "వదాన్యులు" అను మాట రెండుచోట్ల చొరబడగా కార్యదర్శిగారే కొట్టివేసిరి. అది ఇట్లున్నది:

"ఈ రాత్రి మా వసతిగృహంలో 40 మంది పిల్లలు అన్నం తింటారు. అందుకు 8 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు కావాలి. పోయిన ఏడు పది పరీక్ష రాసిన 11 మందిలో 10 మంది పాసైనారు. తప్పిన ఒకడు మళ్లీ చదువుతున్నాడు. బియ్యం అంగడిలో మాకు మూడు నెలల బాకీ ఉంది. ఒక పూట కూలి ఇచ్చినా సరే, ఒక అరటిగెల ఇచ్చినా సరే. ఏమిచ్చినా, దాంతో ఏం చేసినామో నెలలోపల మీకు కబురు పంపుతాము."

ఈ చివరి వాక్యముపై సంఘమున పెద్ద చర్చ జరిగినది. కబురు పంపుటకు మనుష్యులు లేరని కొందరనిరి. పిల్లలే వ్రాయుదురని కార్యదర్శిగారు పట్టుబట్టిరి. నెలకొక ఆదివారము సాయంకాలము పెద్ద పిల్లలు కూర్చుండి కార్డులు వ్రాయుదురు; ఉర్దూ వచ్చిన బాలికలు ఇరువురు ఉర్దూలో వ్రాయుదురు. అక్షరదోషములు దిద్దుట కార్యదర్శిగారి పని. ఉపాధ్యాయులు కదా, ఆ పని వారికి ప్రీతి. దిద్దవలదని మేము చెప్పితిమి. వారు వినలేదు.

అన్నియు అనుకొన్నట్లు జరుగలేదు. పులివెందులనుండి ఒకే వారమున వచ్చిన గెలలన్నియు ఒక్కమారుగ పండి, సగము ఇరుగుపొరుగునకు పంచవలసివచ్చెను. ఇప్పుడు ఎవరిది ఏ వారమో వ్రాసిపెట్టుకొన్నారు. ప్రొద్దుటూరి వ్యాపారి తనకు వచ్చిన కార్డును గల్లాపెట్టె అద్దము క్రింద పెట్టుకొనెను. ఆ సంవత్సరము ఆయన ఇచ్చిన మొత్తము పెరుగలేదు గాని, తన తోడివ్యాపారులు నలుగురి పేర్లు చెప్పి పంపెను. మోరగుడిలో ఒక పూట కూలి తీసిపెట్టు ఇండ్లు ఒకటినుండి పదునాలుగైనవి. బియ్యపు అంగడి బాకీ సగము తీరినది. తిప్పి పంపిన పదిమంది పిల్లలలో నలుగురిని ఆ తరువాతి జూనులో చేర్చుకొనిరి. తక్కిన ఆరుగురి పేర్లు వ్రాసిన కాగితము కార్యదర్శిగారి చొక్కా జేబులో ఉన్నది. మా కార్యాలయమునకు వచ్చినప్పుడెల్ల ఆయన దానిని తీసి చూపుదురు.